చిన్నపళ్ళ పాప్లర్, పెద్దపళ్ళ పాప్లర్, మా మామగారు

మా వీధి మొత్తం మీద నిదానస్తుడు ఎవరంటే మా మామగారు. ఆయన్ని వీధంతా పిలిచే పేరు మాత్రం తొందరయ్య.

అది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. చేతికి టీ గ్లాసు ఇస్తే, అది చల్లారి తొరక కట్టేదాకా చిత్రిక పట్టిన చెక్కని వేలితో తడుముతూ కూర్చునే మనిషి ఆయన. పెళ్ళి కుదిరినప్పుడు ఆ పేరు విని, ఎంత కంగారు మనిషో, ఈయనతో ఎలా వేగాలో అని నేను బెంగ పెట్టుకున్నాను. కాపురానికి వచ్చాక తెలిసింది, నేను వేగాల్సింది నిదానంతో అని. నాకేమో అన్నీ చకచకా అయిపోవాలి. మొదటి ఏడాది మా ఇద్దరి మధ్యా జరిగిన యుద్ధాలు చెబితే అదే ఒక పుస్తకం అవుతుంది. ఇప్పుడు చెప్పబోయేది ఆ యుద్ధాల్లో నేను ఓడిపోయిన సంగతి.

మాది చెక్క సామాను చేసే కార్ఖానా. కార్ఖానా అనగానే పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, రెండు లేతు మిషన్లు, ఎప్పుడూ చీలమండల దాకా పొట్టు. ఒక లేతు ఆయనది, రెండోది నాది. గరిటెలు, తెడ్లు, పసిపిల్లల గిలక్కాయలు, ఉయ్యాల కమ్మీలు చేస్తాం. మా అత్తయ్య తలుపు దగ్గర ముక్కాలిపీట వేసుకుని వాటికి గరుకు కాగితం పడుతుంది. అటుగా వెళ్ళేవాళ్ళకి కూడా అదే ఊపులో మాటలతో నాలుగు పట్టి పంపుతుంది. మా ఆయన సరుకు బండి మీద వేసుకుని ఊళ్ళు తిరుగుతాడు, అంటే ఈ గొడవలన్నిటికీ దూరంగా హాయిగా ఉంటాడన్నమాట.

మేం వాడేది పాప్లర్ కర్ర. తెల్లగా, తేలిగ్గా ఉంటుంది. వాసన ఉండదు, రుచి ఉండదు, పేడు లేవదు. పళ్ళొచ్చే పిల్ల నోట్లో పెట్టుకుని రోజంతా కొరికినా చిగుళ్ళకి ఏమీ గుచ్చుకోదు. ఆ ఒక్క గుణం కోసమే మా గిలక్కాయలు అడిగి మరీ కొంటారు.

వీధి చివర మా కార్ఖానా. దాని పక్కన వాగు. వాగు ఒడ్డున తడి నేలలో ఒక పాప్లర్ గుంపు ఉంది. వీధి పొడుగునా ఇళ్ళ వెనక ఇసుక వాలు ఉంది, ఆ వాలు మీద ఇంకో గుంపు. చూసేవాళ్ళకి రెండూ ఒకటే. నాకూ ఒకటే అనిపించాయి. నేను కాపురానికి కొత్తగా వచ్చిన వసంతంలో మామగారు రెండు కొమ్మలు తెచ్చి నా లేతు మీద పెట్టి, "ఏది ఏదో చెప్పమ్మా" అన్నారు. రెండూ కొమ్మలే కదా అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఆ రెండూ అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. రోజంతా వాటిని చూస్తూ పనిచేసి, సాయంత్రానికి ఒళ్ళు మండి, "ఒకదాని మొగ్గలు నున్నగా మెరుస్తూ కొమ్మని కరుచుకుని ఉన్నాయి. రెండోదాని మొగ్గలు బూడిద పూసినట్టు నూగుతో, మూతి ముడుచుకుని పక్కకి తిరిగి ఉన్నాయి. చాలా?" అన్నాను. "చాలు. ఇక నీకు నేను నేర్పేదేం లేదు" అన్నారు. అది అబద్ధం. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నేర్పుతూనే ఉన్నారు.

మెరిసే మొగ్గలది చిన్నపళ్ళ పాప్లర్. దాని ఆకు అంచున సన్నటి పళ్ళుంటాయి, ఇనుము కోసే రంపానికి ఉన్నట్టు. నూగు మొగ్గలది పెద్దపళ్ళది. దాని ఆకు అంచు పిల్లలు కత్తెరతో వంకరటింకరగా కత్తిరించినట్టు ఉంటుంది. రెండిటికీ ఆకు తొడిమ గుండ్రంగా కాక బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి, మనకి తెలియనంత గాలికి కూడా ఆకులు వణుకుతాయి. చిన్నపళ్ళది చినుకులు పడుతున్నట్టు సన్నగా మోగుతుంది, పెద్దపళ్ళది కొంచెం మోటుగా చప్పుడు చేస్తుంది. దాని బెరడులో వాడిపోయిన నిమ్మతొక్క రంగు తొంగిచూస్తుంది, చిన్నపళ్ళదాని బెరడు పాలిపోయి ఉంటుంది. ఇదంతా చెట్టుగా ఉన్నంత వరకే. కోసి పలక చేశాక ఏది ఏదో మామగారు కూడా చెప్పలేరు. నేనొకసారి రెండు గరిటెలు తెచ్చి పందెం వేశాను. ఆయన వాసన చూశారు, గోటితో గీరారు, చెవి దగ్గర పెట్టుకుని కొట్టి చూశారు, చివరికి "నువ్వు గెలిచావు" అన్నారు. ఆ మాట చెప్పడానికి ఆయనకి ఏమీ కష్టం అనిపించలేదు. నేనైతే చచ్చినా అనేదాన్ని కాదు.

అన్నిటికంటే పెద్ద తేడా చిగురించడంలో ఉంది. చలి తగ్గిందో లేదో చిన్నపళ్ళది పచ్చటి ఆకు వేసేస్తుంది. పెద్దపళ్ళది కదలదు మెదలదు. ఇవతల వాగు ఒడ్డంతా పచ్చబడి మోగుతుంటే, అవతల వాలు మీద అది ఎండు కర్రలా నిలబడి ఉంటుంది. చూసేవాళ్ళు ఇక పోయిందనుకునే వేళకి మొగ్గ విప్పుతుంది. అప్పుడు కూడా పచ్చగా కాదు, వెండి రంగులో, తెల్లటి నూగుతో. దూరం నుంచి చూస్తే చెట్టుకి దూది అంటించినట్టుంటుంది.

మామగారి పేరు ఈ తేడా నుంచే వచ్చింది. ఆయన పుట్టి పెరిగింది పల్లపు ప్రాంతంలో. అక్కడ అంతా చిన్నపళ్ళదే, ఆయనకి తెలిసింది దాని లెక్కే. కుర్రతనంలో ఈ కార్ఖానాలో పనికి చేరారు. అప్పటి యజమాని మా అత్తయ్య వాళ్ళ నాన్న. చేరిన మొదటి వసంతంలో ఆ పెద్దాయన కంటి ఆపరేషనుకని వేరే ఊరు వెళుతూ కార్ఖానా ఈయనకి అప్పగించారు. వాగు దగ్గర చెట్లు ఆకులేశాయి, వాలు మీదవి వేయలేదు. చచ్చిన చెట్లు ఇళ్ళ మీద పడితే ఎలా అని ఈయన గుండె గుభేలుమంది. పెద్దాయన మెచ్చుకుంటారని కూడా కొంచెం ఆశ ఉందిలెండి, ఆయనే చెప్పారు. మనుషుల్ని పెట్టి వాలు మొత్తం కొట్టించేశారు.

పెద్దాయన కంటికి కట్టుతో తిరిగొచ్చి, పడి ఉన్న కొమ్మ నుంచి ఒక మొగ్గ తుంచి గోటితో చీల్చారు. లోపల తడి తడిగా తెల్లటి నూగు. "ఎంత తొందరయ్యా నీకు!" అన్నారు. అంతే, ఆ పేరు అంటుకుపోయింది. ఆ వానాకాలం, దుంగలు ఈడ్చిన చాళ్ళలో నీళ్ళు పారి, వాలు మీది మట్టి వీధిలో అందరి పెరళ్ళలోకీ జారింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఇళ్ళలో మోకాలి దాకా బురద. అప్పుడే వీధివాళ్ళు ఒక కట్టుబాటు చేసుకున్నారు. వాలు మీద ప్రాణమున్న చెట్టుని ఎవరూ ముట్టుకోకూడదు, చచ్చినదాన్నే కొట్టాలి, చచ్చిందో లేదో కార్ఖానా వాళ్ళు చూసి చెప్పాలి. ఎవరి కోసమైనా బతికున్నది కొడితే, ఆ తర్వాత ఎవరి పెరట్లో గుప్పెడు మట్టి జారినా ఆ నింద ఎవరి కోసం కొట్టారో వాళ్ళ నెత్తినే.

మరుసటి ఏడు ఆ మొద్దుల చుట్టూ నేల కనబడకుండా పిలకలు లేచాయి. పెద్దాయన ఈయన్ని అక్కడికి తీసుకెళ్ళి నిలబెట్టారు. "చచ్చిన చెట్టు పిలక వేయదు. ఇన్ని వచ్చాయంటే అన్నీ బతికున్నవే అన్నమాట. చూసుకో" అన్నారు. ఈయన చూసుకున్నారు, మాటవరసకి కాదు, నిజంగానే. కంచె కట్టారు, మేకలు రాకుండా కాపలా కాశారు, బలహీనమైనవి తీసేసి బలమైనవి నిలిపారు. ఇప్పుడు వాలు మీదున్న గుంపంతా ఆ పిలకలే. మా అత్తయ్య అంటుంది, "మా నాన్న ఏరి కోరి ఈ మనిషికే నన్నిచ్చాడు. ఎందుకు నాన్నా అంటే, ఇంత సిగ్గుపడ్డవాడు మళ్ళీ తొందరపడడులే అన్నాడు. పడితే బాగుండేది, కనీసం భోజనానికైనా వేళకి వచ్చేవాడు."

మామగారు ఈ కథ దాచుకోలేదు. కొత్తగా వీధిలోకి ఎవరొచ్చినా తనే చెబుతారు, పిలకల సంగతితో సహా. వినీ వినీ వీధిలో అందరికీ నోటికొచ్చేసింది.

ఇక అసలు సంగతి. నిరుడు కాదు, అంతకు ముందటేడు వానలు మొహం చాటేశాయి. ఎండలు మండిపోయాయి. ఆ తర్వాత ఎముకలు కొరికే చలి. వసంతం వచ్చింది, వాగు దగ్గరవి ఎప్పటిలాగే ఆకులేశాయి. వాలు మీదవి వేయలేదు. అవి ఆలస్యమేనని వీధికి తెలుసు కాబట్టి మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. అవి ఆకు వేసే వేళ వచ్చింది, దాటింది. అప్పుడు చెవులు కొరుక్కోవడం మొదలైంది. పురపాలక సంఘం నుంచి చెట్లు కొట్టే మేస్త్రీ తన మనుషులతో, మర రంపాలతో వచ్చాడు. మంచివాడే. కార్ఖానాలో వీధివాళ్ళంతా పోగయ్యారు.

"చచ్చాయా, బతికున్నాయా? మీరేమంటే అదే చేస్తానండీ" అన్నాడు మేస్త్రీ.

మామగారు చాలాసేపు ఆలోచించి, "తెలీదు" అన్నారు.

ఒక్కసారిగా గోల. మా వీధి మంగలి ఒంటికాలి మీద లేచాడు. "పొద్దున లేస్తే వాటితోనే ఉంటావు, తెలీదంటే ఎలా?"

"గీరి చూశాను. కొన్నిటికి బెరడు కింద పచ్చగా ఉంది. కొన్నిటికి గోధుమరంగు తిరిగింది. కొన్నిటికి ఇటూ కాదు, అటూ కాదు. ఒకసారి తెలుసనుకునే కొట్టించాను కదా. ఇంకొన్నాళ్ళు ఆగుదాం."

"ఆగితే, ఈలోగా ఇంటి మీద పడితే?" అన్నాడు మంగలి.

ఆ మాటకి అందరూ మిషను పిన్ని వైపు చూశారు. ఆవిడ బట్టలు కుట్టే మనిషి, భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. వాలు మీద ఒక చెట్టు మాత్రం ముందుకి వాలి, సరిగ్గా ఆవిడ ఇంటి రేకుల మీదకి వంగి ఉంటుంది. పడితే మొదట పడేది అక్కడే. ఆవిడ మెడలో వేలాడే కొలత టేపుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, "నాదేముంది, అందరూ ఎలా అంటే అలాగే" అంది.

మామగారు ఆ టేపు వైపే చూస్తున్నారు. "అయితే ఆగినన్నాళ్ళూ ఆ ఇంట్లో నేనుంటాను. చెల్లెమ్మ మా ఇంట్లో ఉంటుంది. పడితే నా మీదే పడుతుంది" అన్నారు.

మేస్త్రీ, ఊరికి ఆ చివర పని ముగించుకుని మళ్ళీ వస్తానని వెళ్ళాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ వయసులో ఈ పంతాలేమిటి? అత్తయ్యతో అంటే, "నువ్వు చెబితే వింటాడా, నేను చెబితే విన్నాడా?" అని ఆయన దుప్పటి మడతపెట్టి నా చేతికిచ్చింది.

ఆ సాయంత్రమే కుట్టుమిషను మా ముందు గదిలోకి వచ్చింది. ఇక మా ఇంట్లో రోజంతా మిషను టకటక, గరుకు కాగితం బరబర. అత్తయ్య, మిషను పిన్ని రెండు రోజులు ఒకళ్ళనొకళ్ళు మహా మర్యాదగా చూసుకున్నారు. మూడో రోజు వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలనే దాని మీద తగువు వచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ ప్రాణస్నేహితులైపోయి నా మీద పడ్డారు.

నేను పూటపూటా మామగారికి అన్నం క్యారేజీ తీసుకెళ్ళేదాన్ని. ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి ఆయన గది మధ్యలో గొంతుక్కూర్చుని నేల చూస్తున్నారు. ఏం పోయిందో వెతుకుతున్నారనుకున్నాను.

"ఇలా రామ్మా. ఇది చూడు" అన్నారు.

అది ఒకటే గది. కిటికీ పక్కన మిషను తీసేసిన చోట నేల నున్నగా అరిగి ఉంది. మంచం మాత్రం దానికి ఎదురుగా, గది ఆ చివర, పొయ్యి గట్టుకి ఆనుకుని ఉంది. ఆయన వేలు పెట్టి చూపించారు. కిటికీ దగ్గర మంచం కోళ్ళ గుంటలు నాలుగు. కొంచెం ఇవతల మరో నాలుగు. ఇంకొంచెం ఇవతల మరికొన్ని. కిటికీ దగ్గర మొదలైన మంచం, ఆ వైపు చెట్టు పెరిగి వంగినకొద్దీ జరుగుతూ జరుగుతూ పొయ్యి దాకా వచ్చింది. ఇక జరగడానికి చోటు లేదు. తలుపు పక్కన మేకుకి ఒక మూట వేలాడుతోంది. అందులో ఏముందో మేం విప్పి చూడలేదు, చూడక్కర్లేదు. గాలి లేస్తే చేతికి అందుకుని బయటికి పరిగెత్తడానికి వీలుగా కట్టిన మూట అది.

"మొన్నటిదాకా నేను వాలు మీద నిలబడి కిందకి చూసేవాణ్ణి. ఎంత బాగా పెరిగాయో అని మురిసిపోయేవాణ్ణి. ఆవిడ కింద నుంచి పైకి చూస్తోంది. ఇన్నేళ్ళలో ఒక్కనాడు అడగలేదమ్మా నేను" అన్నారు మామగారు.

"ఆవిడైనా చెప్పాలిగా" అన్నాను.

"ఎలా చెబుతుంది? బతికున్న చెట్టు కొట్టమని అడిగితే వీధంతా ఆవిడని ఏమంటుంది? ఆ కట్టుబాటు వచ్చింది ఎవరి వల్ల?"

అప్పుడే గాలి లేచింది. పెద్ద గాలేం కాదు. పైన కొమ్మ రేకు మీద ఒకసారి కొట్టింది, ఆగింది, మళ్ళీ ఈడ్చింది. మామగారు తలెత్తి చూశారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన భయపడటం నేను అదే మొదటిసారి చూడటం. నేను క్యారేజీ వదిలేసి గుమ్మం దగ్గరికి జరిగాను. నేను అక్కడ ఉన్నది అన్నం తిన్నంతసేపే. ఆవిడ ఏళ్ళ తరబడి అక్కడే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆయన తాళ్ళు, రంపం పట్టుకుని వాలు ఎక్కారు. మా ఆయన్ని, నన్ను రమ్మన్నారు. పిన్ని రేకుల మీదకి వంగిన చెట్టు ఇంటి వైపు కాకుండా వాలు వైపు పడేలా తాళ్ళు కట్టించి, తనే కోశారు. ఇంకా ఒక్క చెట్టూ ఆకు వేయలేదు. చప్పుడికి వీధంతా వచ్చేసింది. మిషను పిన్ని టేపు మెడలో వేసుకునే పరిగెత్తుకొచ్చింది. అప్పటికి చెట్టు పడిపోయింది.

"బతికుందా అన్నయ్యా?" అంది రొప్పుతూ.

"లేదు చెల్లెమ్మా. మొదలు దాకా చచ్చింది. మిగతావాటి సంగతి ఆగి చూద్దాం" అన్నారు మామగారు. ఆ మాట అంటూనే భుజం మీది తువ్వాలు తీసి మొద్దు మీద పరుచుకుని, అలిసిపోయినట్టు దాని మీద కూర్చున్నారు.

తొందరయ్య చచ్చిందంటే చచ్చినట్టే. అందరూ నమ్మేశారు. మంగలి మాత్రం, "చూశావా, నేను చెప్పలేదూ?" అని నలుగురికీ విడివిడిగా చెప్పుకున్నాడు.

నేను కొమ్మలు ఏరుతున్నాను. చేతికి వచ్చిన ఒక మొగ్గని ఊరికే, అలవాటు కొద్దీ, గోటితో చీల్చాను. లోపల తడి తడిగా తెల్లటి నూగు. గుప్పిట మూసేసి ఆయన వైపు చూశాను. ఆయన నన్నే చూస్తున్నారు. అందరూ వెళ్ళేదాకా ఆ మొద్దు మీంచి లేవలేదు. లేచాక చూస్తే తువ్వాలు అడుగు వైపంతా మొద్దులోని పచ్చి రసానికి తడిసిపోయి ఉంది.

"కొమ్మల చివర్లు పొయ్యిలో పెట్టెయ్యమ్మా" అన్నారు నెమ్మదిగా.

"అబద్ధమాడారు మామయ్యా."

"ఆడాను."

"బతికున్నదే, నా ఇష్టం కొద్దీ కొట్టానని మీ మీద వేసుకుంటే పోయేదిగా!"

"నా మీద వేసుకుంటే ఎవరు నమ్ముతారు? అది ఎవరింటి మీద ఉందో కళ్ళకి కనబడటం లేదూ? రేపు వానకి మట్టి జారితే ఆవిడనే అంటారు. వాళ్ళు అనకపోయినా, బతికున్నదని ముందే తెలిస్తే ఆవిడే కొట్టనిచ్చేది కాదు."

"మరి చెట్టు?"

"నేల నిండా వేళ్ళున్నాయి. అది మళ్ళీ వస్తుంది. నాకు తెలుసుగా" అన్నారు.

అంతవరకు ఆయన నిదానం నాకు విసుగు పుట్టించే గుణం మాత్రమే. నాతో వాదించి గెలవని మనిషి, గరిటెల పందెంలో ఓడిపోయానని నవ్వుతూ ఒప్పుకున్న మనిషి, వీధంతా నమ్మే తన మాటని ఇంకొకరి నిద్ర కోసం ఖర్చు పెట్టేశారు. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, ఆ కొమ్మలన్నీ మోసుకెళ్ళి పొయ్యిలో పెట్టాను. పచ్చివి కదా, ఒకటే పొగ. ఎందుకింత పొగ అని అత్తయ్య అరిచింది. గాలి ఎదురుగా ఉందని చెప్పాను. ఆ రోజు రెండో అబద్ధం నాది.

ఆ తర్వాత, అందరూ ఆశ వదులుకునే వేళకి, వాలు మీద చెట్లు వెండి రంగుకి తిరిగాయి. అన్నీ కాదు. కొన్ని నిజంగానే పోయాయి. మామగారు వాటికి తనే సున్నం గుర్తులు పెట్టి, మేస్త్రీ వచ్చాక దగ్గరుండి కొట్టించారు. మిషను పిన్ని మిషనుతో సహా తన ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్ళిన వారానికి నేను జాకెట్టు కుట్టించుకోవడానికి వెళితే, మంచం మళ్ళీ కిటికీ దగ్గర ఉంది. మేకుకి మూట లేదు, కొలత టేపు వేలాడుతోంది.

కొట్టిన చెట్టు ఆరాక కోసి పలకలు చేశాం. అవి మిగతా పలకల్లో కలిసిపోయాయి, ఏది ఏదో ఇక ఎవరూ చెప్పలేరు. దానితో ఎన్ని గిలక్కాయలు చేశానో, ఎన్ని ఊళ్ళ పిల్లలు కొరుకుతున్నారో నాకూ తెలియదు.

మళ్ళీ వసంతం వచ్చింది. వాలు మీద ఆకులు విప్పుకునే రోజుల్లో మామగారికి కుదురు తప్పింది. కొడవలి పట్టుకుని పిన్ని ఇంటి వైపు వెళ్ళడం, కాసేపటికి అలాగే తిరిగి రావడం. నాకు అర్థమైంది. కొట్టిన చెట్టు పిలకల్ని ఆవిడ చూడకముందే కోసేయాలని వెళుతున్నారు, వాటిని చూశాక చేతులు రాక తిరిగొస్తున్నారు. ఒకప్పుడు పిలకలు లేస్తే ఆయన సిగ్గుపడ్డారు. ఈసారి సిగ్గు కాదు, పట్టుబడతానన్న భయం ఒక్కటే.

ఒక సాయంత్రం మిషను పిన్ని కార్ఖానాలోకి వచ్చింది. అప్పుడే నేను మామగారి చేతికి టీ ఇచ్చాను. ఆవిడ తిన్నగా వచ్చి ఆయన లేతు మీద ఒక ఆకు పెట్టింది. లేత ఆకు, ఇటు తిప్పినా అటు తిప్పినా తెల్లటి నూగు.

"అన్నయ్యా, ఇది చిన్నపళ్ళదా, పెద్దపళ్ళదా?"

"పెద్దపళ్ళది" అన్నారు ఆయన, ఆకు వైపు చూడకుండానే.

"మా గోడ పక్కన వచ్చింది. బోలెడు వచ్చాయి." ఆవిడ ఆకుని ఆయన ముందుకి జరిపింది. "చచ్చిన చెట్టు పిలక వేయదని నువ్వే చెప్పావు. నేను ఈ వీధికి వచ్చిన కొత్తలోనే చెప్పావు."

అత్తయ్య చేతిలో గరుకు కాగితం ఆగిపోయింది. ఆమెకి ఇది తెలియదు. ఆమె నా వైపు చూసింది, నేను నా లేతు వైపు చూశాను. మామగారు తల దించుకున్నారు. తప్పు చేసి దొరికిపోయిన కుర్రవాడిలా, పెద్దాయన ముందు ఆ రోజు ఎలా ఉండి ఉంటారో అలాగే.

"వీధిలో ఇంకా ఎవరూ అడగలేదు. అడిగితే పక్క చెట్టు వేరు నుంచి వచ్చాయని చెబుతాను. అబద్ధాలు ఆడటం నీ ఒక్కడికే వచ్చా ఏంటి?" అంది పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "గోడ దగ్గరవన్నీ పీకేశాను. దూరంగా ఉన్నదాన్ని ఒక్కదాన్ని ఉంచాను. ఇంటి మీదకి వంగకుండా పెరిగే చోటే చూసుకున్నానులే. పొద్దున మేక ఒకటి అటే తిరుగుతోంది. వచ్చి కంచె కట్టిపెట్టు."

"ఏదీ, ఎక్కడ?" అన్నారు మామగారు.

అని లేచారు. లేతు తిరుగుతూనే ఉంది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి. పొగలు కక్కుతున్న టీ బల్ల మీద అలాగే ఉంది. ఆవిడ వెనకే వస్తోందో లేదో కూడా చూడకుండా, పొట్టు రేపుకుంటూ ఆయన వీధిలోకి దాదాపు పరిగెత్తారు.

అత్తయ్య తలుపులోంచి మెడ సాచి చూసి, "తొందరయ్య!" అంది.

నేను వెళ్ళి లేతు ఆపాను.